చిన్న బడ్జెట్ పండుగ ప్రేమ చిత్రాలు

పండుగ సెలవుల్లో ఇంటిల్లిపాదీ కలిసి చూసేందుకు తక్కువ డబ్బుతో, తక్కువ రోజుల్లో చుట్టేసే ప్రేమకథలను ఈ పేరుతో పిలవవచ్చు. అమెరికాలో ఈ రకం సినిమా క్రిస్మస్‌ను పట్టుకుని టీవీలో పెరిగింది. భారతదేశంలో క్రిస్మస్ ప్రేమ చిత్రాలంటూ ప్రత్యేకంగా ఒక పరిశ్రమ లేదు. ఆ అవసరాన్ని ఇక్కడ దీపావళి, దసరా, సంక్రాంతి విడుదలలు తీరుస్తాయి. వాటిని మొదటినుంచీ తక్కువ డబ్బుతోనే తీస్తూ వచ్చిన ప్రాంతాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. రాయపూర్, కుమ్హారి, భిలాయ్, దుర్గ్ ఒకే రహదారి మీద వరసగా ఉన్న ఊళ్లు. ఛాలీవుడ్ అని జనం పిలుచుకునే ఛత్తీస్‌గఢీ సినిమాకు ప్రధానమైన మార్కెట్ ఈ బాట మీదే ఉంది. తెలుగు పాఠకుడికి ఈ సినిమా పరాయిదేమీ కాదు. భిలాయ్ ఉక్కు కర్మాగారం నీడన తెలుగు కుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయి. పైగా 2000వ సంవత్సరంలో ఛత్తీస్‌గఢీ సినిమా, తెలుగు చిన్న సినిమా రెండు వారాల తేడాతో ఒకే రకమైన మలుపు తిరిగాయి.

కుమ్హారి నుంచి చూస్తే

కుమ్హారి దుర్గ్ జిల్లాలోని పురపాలక పట్టణం. రాయపూర్ నుంచి భిలాయ్ వైపు వస్తూ ఖారున్ నది దాటితే తగులుతుంది. 53వ నంబరు జాతీయ రహదారి, హౌరా–ముంబై రైలు మార్గం రెండూ దీని మీదుగానే పోతాయి. పెద్ద మల్టీప్లెక్సులో సినిమా చూడాలనుకున్న కుమ్హారి కుర్రవాడికి ఒక వైపు భిలాయ్‌లో సూర్యా మాల్, ఇంకో వైపు రాయపూర్‌లో మాగ్నెటో మాల్ ఉన్నాయి. ఎటు వెళ్లినా ముంబై హిందీ సినిమా, హిందీలోకి డబ్ అయిన దక్షిణాది సినిమా, హాలీవుడ్ సినిమా అతని డబ్బు కోసం పోటీ పడుతుంటాయి. వాటి మధ్య చోటు వెతుక్కుంటూ, ఇంట్లో తల్లి మాట్లాడే భాషలో ఒక ప్రేమకథ విడుదలవుతుంది. ఈ పోటీని గుర్తు పెట్టుకోకుండా ఛత్తీస్‌గఢీ సినిమా మంచిచెడ్డలు తూచడం అన్యాయం.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో భిలాయ్ ఉక్కు కర్మాగారం మొదలైంది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచీ ఉద్యోగులు వచ్చారు. విజయనగరం–రాయపూర్ రైలు మార్గం ఉండడంతో ఉత్తరాంధ్ర నుంచి రాకపోకలు సులువయ్యాయి. సెక్టార్ 5 లోని బాలాజీ మందిరం ఈనాటికీ తెలుగువాళ్ల పండుగలకు కూడలి. టౌన్‌షిప్‌లో అందరినీ కలిపిన భాష హిందీ. చుట్టూ ఉన్న పల్లెల భాష ఛత్తీస్‌గఢీ. క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు అది పనిమనుషుల నోటా, కూరలమ్మే వాళ్ల నోటా వినబడే భాషగానే మిగిలింది. ఛత్తీస్‌గఢీ సినిమాను చదువుకున్న పట్నవాసం చాలాకాలం పట్టించుకోకపోవడానికి ఇది ఒక మూలకారణం.

కళాకారులకు ఈ ప్రాంతంలో ఎన్నడూ కొదవ లేదు. పండవానీ గాయని తీజన్ బాయి ఇక్కడి గనియారి ఊరి మనిషి; ఉక్కు కర్మాగారంలోనే ఉద్యోగం చేశారు; 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 'బర్ఫీ!' తీసిన అనురాగ్ బసు భిలాయ్‌లోనే పుట్టారు. అయితే ఆయన తన ప్రేమకథలను ముంబైలో, హిందీలో చెప్పుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఛత్తీస్‌గఢీ మాట్లాడేవాళ్లు సుమారు 1 కోటి 62 లక్షలు. తెలుగు మాట్లాడేవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. అంటే తెలుగు మార్కెట్‌లో అయిదో వంతు. అందులోనూ పల్లె జనమే ఎక్కువ, థియేటర్లు తక్కువ, టికెట్టు ధర తక్కువ. బడ్జెట్ ఎందుకు చిన్నదన్న ప్రశ్నకు జవాబు ఈ అంకెల్లోనే ఉంది.

మొదటి ప్రేమకథ

ఛత్తీస్‌గఢీలో మొదటి చలనచిత్రం 'కహి దేబే సందేశ్'. కబురు చెప్పిరా అని దాని అర్థం. మనూ నాయక్ తీసిన ఈ నలుపు–తెలుపు సినిమా 1965 ఏప్రిల్‌లో విడుదలైంది. నాయక్ రాయపూర్ ప్రాంతపు పల్లెటూరి మనిషి. 1950లలో బొంబాయి వెళ్లి దర్శకుడు మహేశ్ కౌల్ దగ్గర పనిచేశారు. 1963లో 'గంగా మైయా తోహే పియరీ చఢైబో' అనే భోజ్‌పురీ సినిమా విజయం చూసి, మా భాషలో ఎందుకు తీయకూడదు అనుకున్నారు. ఆయన ఎంచుకున్న కథ సత్నామీ యువకుడు, బ్రాహ్మణ యువతి ప్రేమించుకోవడం. సత్నామీలు ఛత్తీస్‌గఢ్‌లో అంటరానితనాన్ని అనుభవించిన సమాజం. 19వ శతాబ్దంలో గురు ఘాసీదాస్ బోధతో ఆత్మగౌరవం నిలబెట్టుకున్నవాళ్లు. తొలి సినిమాకే ఇంత బరువైన కథ ఎత్తుకోవడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు.

స్టూడియో అద్దెకు తీసుకునే స్తోమత లేక పలారీ గ్రామంలో షూటింగు చేశారు. అక్కడి ఇళ్లు, చెరువు, పాత ఇటుకల గుడి, ఊరి జనం తెర మీదికి వచ్చారు. ఈనాడు ఆ దృశ్యాలు చూసేవాళ్లకు అవి 1960ల ఛత్తీస్‌గఢ్ పల్లెకు దొరికిన అరుదైన రికార్డు. సంగీతం మలయ్ చక్రవర్తి, పాటలు హనుమంత్ నాయుడు. ఛత్తీస్‌గఢ్ మొదటి సినిమా పాటల కింద నాయుడు అన్న పేరు కనబడితే తెలుగువాడి కళ్లు ఒక్క క్షణం అక్కడ ఆగుతాయి. పాడినవాళ్లలో మహమ్మద్ రఫీ ఉన్నారు. అప్పటికే దేశమంతా వింటున్న గొంతు ఒక కొత్త నిర్మాత కోసం, ఎవరూ అంతవరకూ సినిమాలో వాడని భాషలో పాడింది. ఈ సినిమాకు అన్నిటికంటే పెద్ద పెట్టుబడి అదే.

కులం దాటిన ప్రేమ అనేసరికి అభ్యంతరాలు లేచాయి, ఆపాలన్నారు. అప్పట్లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉన్న ఇందిరా గాంధీ సినిమా కొంత భాగం చూసి మెచ్చుకున్నాక గొడవ చల్లబడింది. 1971లో 'ఘర్ ద్వార్' వచ్చింది. ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాల పాటు చెప్పుకోదగ్గ సినిమా లేదు.

సినిమా ఆగినా పాట ఆగలేదు. దుర్గ్ దగ్గరి బఘేరాలో రామచంద్ర దేశ్‌ముఖ్ 1971లో 'చందైనీ గోందా' అనే రంగస్థల ప్రదర్శన మొదలుపెట్టారు. ఖుమాన్ సావ్ సంగీతం, లక్ష్మణ్ మస్తూరియా పాటలు ఊరూరా పాకాయి. పల్లె పాటను పరిశుభ్రంగా, గౌరవంగా వేదిక ఎక్కించడం ఎలాగో ఆ బృందం చూపించింది. తర్వాతి ఛత్తీస్‌గఢీ సినిమా పాటల్లో మంచివాటికి వేరు అక్కడే ఉంది.

2000: దీపావళి మర్నాడు

2000 అక్టోబరు 27న 'మోర్ ఛైంహా భుంయా' విడుదలైంది. నా నీడ, నా నేల అని అర్థం. ముందురోజే దీపావళి. సరిగ్గా అయిదు రోజులకు, నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమైంది. దర్శకుడు సతీశ్ జైన్ అంతకుముందు ముంబైలో హిందీ సినిమాలకు కథలు రాసిన మనిషి. పల్లెకూ పట్నానికీ మధ్య నలిగే అన్నదమ్ముల కథ, దానిలో అల్లుకున్న ప్రేమ, తీయటి పాటలు. కథానాయకుడు అనుజ్ శర్మకు అది తొలి సినిమా. 2014లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2023లో ధర్సీవా నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు.

రాయపూర్ బాబూలాల్ టాకీసులో ఈ సినిమా నెలల తరబడి ఆడింది. ఎడ్లబళ్ల మీద, ట్రాక్టర్ల మీద పల్లెల నుంచి జనం వచ్చారని ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. హిందీ సినిమా పక్కన నిలిస్తే దీని కెమెరా పనితనం, మేకప్, ఫైట్లు వెలవెలబోతాయి. అయినా జనం వచ్చారు. రాష్ట్రం చేతికి అందబోతున్న వారంలో, పండుగ సెలవుల్లో, తమ మాటలోనే తెర మీద మనుషులు ప్రేమించుకుని, తిట్టుకుని, ఏడ్చి, కలుసుకోవడం వాళ్లలో చాలామంది మొదటిసారి చూశారు. ఈ రకం సినిమాకు పండుగ ఎందుకంత అవసరమో అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. పని వెతుక్కుంటూ వలస పోయినవాళ్లు పండక్కే ఊరికి వస్తారు. చేతిలో నాలుగు డబ్బులుంటాయి. వదిలి వెళ్లిన నేల గురించి, వెనక్కి పిలిచే ప్రేమ గురించి కథ చెబితే వినడానికి వాళ్ల మనసు అప్పుడే సిద్ధంగా ఉంటుంది.

అదే నెలలో, అక్టోబరు 13న, దసరా వెళ్లిన వారంలో ఆంధ్రప్రదేశ్‌లో 'నువ్వే కావాలి' విడుదలైంది. ఉషాకిరణ్ మూవీస్ పతాకంపై రామోజీరావు నిర్మాణం, కె. విజయభాస్కర్ దర్శకత్వం, త్రివిక్రమ్ మాటలు, కోటి సంగీతం; మలయాళ 'నిరం'కు రీమేకు. జంటగా కనిపించిన తరుణ్, రిచా పల్లోద్‌లకు కథానాయకుడిగా, కథానాయికగా అదే మొదటి తెలుగు సినిమా. అంతకు నాలుగు నెలల ముందు జూన్ 16న అదే సంస్థ నుంచి తేజ 'చిత్రం' తీసుకొచ్చారు. ఉదయ్ కిరణ్, రీమా సేన్ దానితోనే పరిచయమయ్యారు. పెద్ద హీరోల ఫ్యాక్షన్ సినిమాలు రాజ్యమేలుతున్న రోజుల్లో ఈ రెండూ తక్కువ ఖర్చుతో, కొత్త ముఖాలతో గెలిచాయి. తెలుగు సినిమాకు స్టూడియోలు, సంగీత కంపెనీలు, వందలాది థియేటర్లు వెనక ఉన్నాయి. ఛత్తీస్‌గఢీకి అవేవీ లేవు. అందుకే తెలుగులో ఆ గెలుపు ఒక తరం దర్శకులను తయారు చేస్తే, రాయపూర్‌లో అది తనను తానే కాపీ కొట్టుకునే దారి పట్టింది.

అమెరికా క్రిస్మస్ తెర

ఈ రకం సినిమాను ప్రపంచంలో అందరికంటే క్రమబద్ధంగా తయారు చేసేది హాల్‌మార్క్ సంస్థ. 1910లో కాన్సాస్ సిటీలో పోస్టుకార్డులతో మొదలై గ్రీటింగ్ కార్డులకు పెరిగిన వ్యాపారం అది. 1951 క్రిస్మస్ ముందురోజు రాత్రి ఒక ఆపెరాను టీవీలో ప్రసారం చేయించి తెర వైపు అడుగు వేసింది. 2001లో హాల్‌మార్క్ ఛానల్ వచ్చింది. 2009 నుంచి 'కౌంట్‌డౌన్ టు క్రిస్మస్' పేరుతో ఏటా పండుగకు ముందు నుంచే క్రిస్మస్ సినిమాలు వేయడం మొదలుపెట్టింది. 2019 సీజన్‌లో ఒక్క ఈ సంస్థ ఛానళ్లలోనే 40 కొత్త సినిమాలు వచ్చాయి.

ఒక్కో సినిమాకు సుమారు 20 లక్షల డాలర్లు, పదిహేను రోజుల షూటింగు. ప్రకటనలు తీసేస్తే నిడివి దాదాపు 84 నిమిషాలు. అంటే రోజుకు అయిదారు నిమిషాల సినిమా పూర్తి కావాలి. పెద్ద బడ్జెట్ సినిమాల్లో రోజంతా పనిచేస్తే ఒకటి రెండు నిమిషాలు రావడమే ఎక్కువ. ఈ తొందర తెర మీద ఎలా కనబడుతుందో ఒక్క సన్నివేశం జాగ్రత్తగా చూస్తే చాలు. నాయికా నాయకులు బేకరీలో పక్కపక్కన నిలబడి బిస్కెట్ల మీద చక్కెర పూత రాస్తుంటారు. కెమెరా ఇద్దరినీ ఒకే ఫ్రేములో పెట్టుకుని కదలకుండా ఉంటుంది. తర్వాత ఆమె ముఖం, ఆ తర్వాత అతని ముఖం, మళ్లీ ఇద్దరూ. లైట్లు మార్చే పని ఉండదు. వెనక ఉన్న నలుగురు జూనియర్ ఆర్టిస్టులే తర్వాతి సన్నివేశంలో కోట్లు మార్చుకుని వీధిలో నడుస్తుంటారు. కిటికీ బయట మంచు కనబడుతుంది కానీ మాట్లాడేటప్పుడు వాళ్ల నోటి నుంచి ఆవిరి రాదు. ఎందుకంటే షూటింగు చాలావరకు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనో ఒంటారియోలోనో, తరచూ నడివేసవిలో జరుగుతుంది. ఆ మంచు నురగతోనో కాగితం తునకలతోనో చేసింది. ఉన్ని కోట్ల లోపల నటులు చెమటతో తడుస్తుంటారు. కెనడాలో పన్ను రాయితీలు, అమెరికా డాలరుకు వచ్చే మారకం లాభం నిర్మాతను అక్కడికి లాక్కెళతాయి.

కథ అందరికీ ముందే తెలుసు. పట్నంలో ఉద్యోగం తప్ప మరో లోకం లేని అమ్మాయి క్రిస్మస్‌కు చిన్న ఊరికి వస్తుంది. అక్కడ మంచి మనసున్న మనిషి తారసపడతాడు. మూతపడబోతున్న దుకాణమో సత్రమో కాపాడాల్సి వస్తుంది. ఆఖరి నిమిషాల్లో ఒక అపార్థం, చివర్లో ఒక ముద్దు. లేసీ షాబెర్, క్యాండేస్ కామెరాన్ బ్యూరే లాంటి నటీమణులు ఈ సినిమాలకు తెలిసిన ముఖాలయ్యారు. నెట్‌ఫ్లిక్స్ 2017లో 'ఎ క్రిస్మస్ ప్రిన్స్'తో ఇదే దారిలో నడిచింది. ఆల్డోవియా అనే కల్పిత రాజ్యానికి రుమేనియాలోని పెలేష్ కోట రాజభవనమైంది. ఆ సినిమాను వరసగా పద్దెనిమిది రోజులు చూసిన 53 మంది గురించి నెట్‌ఫ్లిక్స్ ట్విటర్‌లో వేళాకోళం చేస్తే విమర్శలు వచ్చాయి. ఆ విమర్శ న్యాయమైనదే. ఒంటరిగా ఉన్నవాళ్లకు, దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు పండుగ నెల బరువుగా గడుస్తుంది. ఎవరూ చావని, ఎవరూ మోసపోని గంటన్నర వాళ్లకు చిన్న విషయం కాదు.

ఈ సినిమాల లోటు కూడా ఆ భద్రతలోనే ఉంది. చాలా ఏళ్లపాటు నాయికా నాయకులు దాదాపు అందరూ తెల్లవాళ్లే. ఇద్దరు స్త్రీలు పెళ్లి చేసుకునే వాణిజ్య ప్రకటనను 2019 డిసెంబరులో హాల్‌మార్క్ ఛానల్ ముందు తీసేసి, నిరసన వచ్చాక క్షమాపణ చెప్పింది. 2020లో 'ది క్రిస్మస్ హౌస్'లో స్వలింగ జంటకు ముఖ్యమైన చోటిచ్చింది. వేషాలు వేసేవాళ్లు మారారు. ఊరు మాత్రం మారలేదు. అమెరికాలో ఏ రాష్ట్రమైనా కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. ఎవరి యాసా వినబడదు. ఫ్యాక్టరీ మూతపడిన ఊరి బాధ అలంకరణ దీపాల వెనకే ఉండిపోతుంది.

జనం ఎందుకు చూస్తారు

ముగింపు తెలిసిన కథను మళ్లీ చూడడం బుర్ర తక్కువతనం అని కొందరు తేల్చేస్తారు. ఆ మాట ఒప్పుకోలేం. ఛత్తీస్‌గఢ్‌లో లోరిక్–చందా ప్రేమగాథను రాత్రంతా పాడితే కూర్చుని విన్నవాళ్లెవరికీ కథ తెలియక కాదు. మనవాళ్లకు 'మాయాబజార్' కథా అంతే. తెలిసిన దారిలో ఈసారి ఎలా నడిపిస్తారన్నదే వినేవాడి ఆసక్తి.

అమెరికా క్రిస్మస్ చిత్రం ప్రేక్షకుడికి ఏమీ చెడిపోదన్న నమ్మకం అమ్ముతుంది. ఛత్తీస్‌గఢీ ప్రేమ చిత్రం నువ్వు తెర మీద ఉన్నావన్న గుర్తింపు ఇస్తుంది. దానికి ఉన్న అసలు బలం ఇదే, చాలాసార్లు అది మరిచిపోయేదీ ఇదే. హీరో మిత్రుణ్ణి 'మితాన్' అని పిలవగానే హాల్లో కూర్చున్నవాడి వీపు నిటారవుతుంది. మితాన్ అంటే ఊరి పెద్దల సాక్షిగా జీవితాంతం కట్టుబడే స్నేహం. ఒకరి తల్లి ఇంకొకరికి తల్లే. వదిన మరిది మీద వేసే పరాచికం, వాకిట్లో గోడకు పేడతో అలికిన చెయ్యి, చెరువు గట్టున నీళ్లకు వచ్చిన ఆడవాళ్ల మధ్య నాయిక దొంగచూపు: వీటిని ముంబై సినిమా ఎంత డబ్బు పెట్టినా కొనలేదు. వీటికి ఖర్చూ కాదు.

పాటలది రెండో బలం. సినిమా పోయినా పాట నిలుస్తుంది. పెళ్లి ఊరేగింపులోనూ, ఆటోలోనూ, రాయపూర్–దుర్గ్ లోకల్ రైల్లో ఎవరి ఫోన్‌లోనో అదే మోగుతుంది. సతీశ్ జైన్ 2019లో తీసిన 'హస్ ఝన్ పగ్లీ ఫస్ జబే' ఘనంగా ఆడడంలో పాటలకు పెద్ద వాటా ఉంది. నవ్వకే పిచ్చిదానా, చిక్కుకుపోతావ్ అని ఆ పేరుకు అర్థం. మన్ కురైశీ, అనికృతి చౌహాన్ జంట దానితో యువతకు దగ్గరైంది.

ఎక్కడ తప్పుతుంది

ముందుగా ఆడపిల్ల పాత్ర. లోరిక్–చందా గాథలో చందా పెళ్లయిన రాజకుమార్తె; భర్తతో బతుకు నచ్చక, తాను కోరుకున్న లోరిక్‌తో ఊరు విడిచి వెళుతుంది. అడుగు ముందుకు వేసేది ఆమే. ఆ గాథ పాడుకున్న నేల మీదే తీసే ఈనాటి సినిమాల్లో చాలావాటిలో నాయిక మొదటి అరగంట హీరోను తిట్టడానికీ, తర్వాతి అరగంట అతనితో పాడడానికీ, ఆఖర్న ఏడవడానికీ పరిమితం. ఇష్టం లేదన్న అమ్మాయి వెంటపడడాన్నే ప్రేమ అంటారు. ఈ జబ్బు తెలుగు సినిమా నుంచీ, హిందీ డబ్బింగుల నుంచీ కూడా అంటుకుంది. అందులో మన వాటా తక్కువేమీ కాదు. 1965లోనే కులం గోడను ఢీకొట్టిన సినిమాతో మొదలైన పరిశ్రమ, ఇప్పుడు హీరో డబ్బున్న విలన్‌ను కొట్టడంతో కులం సంగతి దాటవేయడం విచారకరం.

రెండోది, లేని డబ్బు ఉన్నట్టు కనబడాలన్న తాపత్రయం. ఉన్న కొద్దిపాటి సొమ్మును గాల్లో ఎగిరే ఫైట్లకూ, డ్రోన్ షాట్లకూ, అద్దె కారుకూ పెడతారు. దానికి కోత పడేది రచయిత జీతంలో, శబ్దంలో. శబ్దం సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. చిన్న సినిమాల్లో చాలావరకు షూటింగు చోట మాటలు సరిగా రికార్డు చేయకుండా తర్వాత స్టూడియోలో డబ్బింగు చెప్పిస్తారు. దాంతో పొలంలో నిలబడి మాట్లాడే మనిషి గొంతు మూసిన గదిలోంచి వస్తున్నట్టుంటుంది. గాలి ఉండదు, కోడి కూత ఉండదు, దూరంగా పిలిచే మనిషి ఉండడు. భాషే ప్రాణమైన సినిమాకు ఇంతకన్నా పెద్ద నష్టం లేదు. మంచి మైకు, నిశ్శబ్దంగా పనిచేసే జనరేటరు, ఆ పని తెలిసిన ఒక మనిషి: ఒక ఫైటు మానేస్తే ఈ మూడూ వస్తాయి.

డబ్బు తక్కువైనా చూపు పదునుగా ఉండవచ్చని ఛత్తీస్‌గఢ్‌లోనే రుజువైంది. మనోజ్ వర్మ 'భూలన్ ద మేజ్' సంజీవ్ బక్షీ నవల 'భూలన్ కాందా' ఆధారంగా తీసిన సినిమా. తొక్కితే దారి మరిచిపోతారని అడవి పల్లెల్లో నమ్మే మొక్క చుట్టూ, చట్టానికీ ఊరి న్యాయానికీ మధ్య ఘర్షణ చుట్టూ నడుస్తుంది. 67వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ ఛత్తీస్‌గఢీ చిత్రంగా నిలిచింది. అది ప్రేమ సినిమా కాదు. కానీ నేలనూ మాటనూ నమ్ముకుంటే ఏం సాధ్యమో ప్రేమ సినిమా తీసేవాళ్లకు చూపిస్తుంది.

మూడో లోటు ఆదాయ మార్గాలది. హాల్‌మార్క్ తన సినిమాలను పండుగ నెలల ప్రకటనల మీద ముందే అమ్ముకుంటుంది. తెలుగు చిన్న సినిమాకు శాటిలైట్ హక్కులు, ఆహా, ఈటీవీ విన్ లాంటి వేదికలు ఉన్నాయి. ఛత్తీస్‌గఢీ నిర్మాతకు థియేటర్ వసూళ్లు, యూట్యూబ్ తప్ప గట్టి ఆధారం లేదు. మొదటి వారం థియేటర్ నిండకపోతే మునిగినట్టే. అందుకే గెలిచిన సినిమా అచ్చునే మళ్లీ మళ్లీ పోస్తారు. పేర్లలో 'మాయా' అనే మాట పదే పదే వస్తుంది. ఇక్కడి భాషలో దానికి ప్రేమ అని అర్థం. 2024లో 'మోర్ ఛైంహా భుంయా'కే రెండో భాగం వచ్చింది.

తెలుగువైపు ఏం జరిగింది

తెలుగులో క్రిస్మస్ ఒక విడుదల తేదీ. 'కరుణామయుడు' 1978 డిసెంబరు 21న వచ్చింది కానీ అది క్రీస్తు జీవిత కథ. 'పడి పడి లేచె మనసు' (2018), 'సోలో బ్రతుకే సో బెటర్' (2020), '18 పేజెస్' (2022) డిసెంబరు మూడు, నాలుగు వారాల్లో విడుదలైన ప్రేమకథలే అయినా వాటిలో క్రిస్మస్ పండుగకు పాత్ర లేదు. కోస్తా జిల్లాల పల్లెల్లో డిసెంబరు రాగానే ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి, రాత్రిళ్లు పాటల బృందాలు ఇంటింటికీ తిరుగుతాయి, చర్చి ముందు పెద్ద భోజనాలు జరుగుతాయి. ప్రేమకథకు ఇంతకన్నా మంచి రంగం ఏం కావాలి? ఆ పండుగ చేసుకునే కుటుంబాల్లో చాలామంది దళితులు. తెలుగు తెర మీద వాళ్ల పండుగకు చోటు దొరకకపోవడం యాదృచ్ఛికం అనుకోలేం. దానికి కాస్త దగ్గరగా వచ్చింది వెంకటేశ్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' (2018). విశాఖపట్నంలోని ఆ పేటవాళ్లే ఎక్కువగా నటించిన సినిమాలో ఒక చిన్నపిల్లాడి ఇష్టం, ఒక యువకుడి ప్రేమ, పెద్ద వయసు జంట పెళ్లి కనిపిస్తాయి; యువకుడి ప్రేమకు మతం అడ్డు నిలుస్తుంది. దాని గురించి సినిమా తడుముకోకుండా మాట్లాడుతుంది.

శేఖర్ కమ్ముల 'ఆనంద్' 2004 అక్టోబరు 15న, చిరంజీవి 'శంకర్ దాదా ఎంబీబీఎస్' విడుదలైన రోజే వచ్చి నిలబడింది. తరుణ్ భాస్కర్ 'పెళ్లి చూపులు' (2016) జాతీయ పురస్కారం తెచ్చుకుంది. 'కేరాఫ్ కంచరపాలెం'తో కలిపి ఈ మూడు సినిమాల్లోనూ ఖర్చు తక్కువ, ఊరి గుర్తు ఎక్కువ. సికింద్రాబాద్ కాలనీ వాన, హైదరాబాద్ కుర్రాళ్ల మాటతీరు, కంచరపాలెం గడపలు లేకపోతే ఆ కథలు నిలవవు. నాయికలు తమ బతుకు గురించి తామే నిర్ణయం తీసుకుంటారు.

ప్రస్తుత స్థితి

ఫోన్ కెమెరా ఛత్తీస్‌గఢీ సినిమాకు కొత్త నటులను ఇస్తోంది. రాయపూర్ జిల్లాలోని తులసీ గ్రామంలో పెద్ద సంఖ్యలో యువత యూట్యూబ్ వీడియోలు తీస్తుండడంతో ఆ ఊరు దేశమంతా వార్తల్లోకెక్కింది. అక్కడి కొందరు సినిమాల్లోకీ వెళ్లారు. యూట్యూబ్ హాస్యంతో పేరు తెచ్చుకున్న అమలేశ్ నాగేశ్ కథానాయకుడయ్యాడు. ఈ పిల్లలు పెద్ద సినిమా పోజులు నేర్చుకోకముందే కెమెరా ముందు తమ మాట మాట్లాడడం నేర్చుకున్నారు. నాలుగు నిమిషాల వీడియోలో అత్తాకోడళ్ల గొడవను వాళ్లు పట్టుకున్నంత సహజంగా రెండు గంటల సినిమాలు పట్టుకోలేకపోతున్నాయి.

ప్రభుత్వం వైపు నుంచి నవా రాయపూర్‌లో చిత్రోత్పలా ఫిల్మ్ సిటీకి కేంద్ర సాయంతో 2024లో అనుమతి వచ్చింది. సెట్లు వేసుకునే స్థలం ముంబై నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చే కంపెనీలకు ఉపయోగపడుతుంది. ఛత్తీస్‌గఢీ ప్రేమ సినిమాకు స్థలం కొరత ఎన్నడూ లేదు. పలారీ చెరువు 1964లోనూ ఉచితంగానే దొరికింది. దానికి కావలసింది చిన్న ఊళ్లలో తక్కువ టికెట్టుతో నడిచే తెరలు, కథ రాసేవాళ్లకు ఏడాది పాటు ఇంటి ఖర్చు వెళ్లే సాయం, శబ్దం పని నేర్పే బడి. వీటిలో మొదటిది ముందు రావాలి. కుమ్హారి లాంటి పట్టణంలో నూరు రూపాయల లోపు టికెట్టుతో రెండు వందల కుర్చీల హాలు నడిస్తే, ఛత్తీస్‌గఢీ నిర్మాతకు దీపావళి వారం దాటాక కూడా ప్రేక్షకుడు దొరుకుతాడు.